రక్తవర్గం చెప్పేది, చెప్పలేనిది

కలకత్తాకు పడమరగా సుమారు 115 కిలోమీటర్ల దూరాన ఖరగ్‌పూర్ అనే రైల్వే పట్టణమున్నది. హిజ్లీ దాని పొలిమేర. హిజ్లీ పేరు వినగానే వంగదేశీయులకు 1931 సెప్టెంబరు 16వ తేదీ జ్ఞాపకం వస్తుంది. ఆనాడు అక్కడి నిర్బంధ శిబిరంలో కావలి సిపాయిలు జరిపిన కాల్పులకు సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అనే ఇరువురు దేశభక్తులు బలియైనారు. అదే భవనంలో 1951లో దేశంలోని మొట్టమొదటి ఐ.ఐ.టి. తరగతులు ఆరంభమైనవి. చెరసాల విద్యాలయమైన ఈ కథ అందరూ చెప్పేదే. అంతగా చెప్పబడని కథ మరొకటి ఉన్నది. ఆ రైల్వే పట్టణంలో చాలాకాలం మనిషి పుట్టుకకూ, అతని జీతానికీ ముడి ఉండేది. ఎవరి తాత ఎవరన్న ప్రశ్న అక్కడ ఊసుపోక అడిగే ప్రశ్న కాదు, కడుపుకూటికి సంబంధించినది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎన్నుకొని, అక్కడ పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పినది. వాల్తేరు నుండి కటకం వరకు గల తూర్పుతీరపు దారి 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చిన తరువాత, గంజాం, విశాఖపట్టణం జిల్లాల పల్లెలకూ ఖరగ్‌పూర్‌కూ నడుమ ఒకే యజమాని, ఒకే ఇనుపదారి మిగిలినవి. కరవునాడు కాలినడకన కూలికి పోయే ఉత్తరాంధ్రుడు రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగినాడు. అన్నదమ్ములు వచ్చినారు, బావమరదులు వచ్చినారు. పేటలు వెలసినవి, గుడులు లేచినవి. 1927 సమ్మెకాలంలో ఆ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించినవారిలో బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి ఒకరు. ఈ తెలుగువారి మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్రపు అధికార భాషలలో ఒకటిగా చేర్చుటకు అంగీకరించినది.

అయితే పుట్టుక అనే ముడి మిక్కిలి బిగువుగా పడినది తెలుగువారికి కాదు, వారి పక్క బంగళాలలోని ఆంగ్లో ఇండియనులకు. బ్రిటిషు కాలపు రైల్వేలలో యూరోపియనులు ఒక తరగతి, ఆంగ్లో ఇండియనులు ఒక తరగతి, తక్కిన భారతీయులు మరొక తరగతి. ఇంజను నడిపే పని, గార్డు పని, ఫోర్‌మన్ పని చాలాకాలం మొదటి రెండు తరగతులవారికే దక్కేవి. ఇళ్ళు వేరు, జీతాలు వేరు. కనుక ఒక కుర్రవాని ముత్తాత నిజముగా ఇంగ్లండునుండి వచ్చిన సైనికుడా కాదా అనే సంగతిని కచేరీలు విచారించవలసి వచ్చేది. బాప్తిస్మ పత్రాలు, వివాహ పత్రాలు, పాత పింఛను కాగితాలు పెట్టెలలో భద్రంగా దాచుకొనేవారు. ఖరగ్‌పూర్‌లో నివసించి ఈ కుటుంబాల కథలను సేకరించిన లారా బేర్ అనే మానవశాస్త్రజ్ఞురాలు 2007లో ప్రకటించిన గ్రంథంలో ఈ కాగితాల వెనుకనున్న ఆందోళనను విపులంగా చూపినది.

స్వతంత్ర భారత రాజ్యాంగం కూడా ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. 366వ అధికరణం ప్రకారం, తండ్రి గాని, తండ్రి వరుసలోని పూర్వపురుషులలో ఎవరైనా గాని యూరోపియను సంతతివారై, భారతదేశంలో స్థిరనివాసమున్న తల్లిదండ్రులకు ఇక్కడే పుట్టి ఇక్కడే స్థిరపడినవాడు ఆంగ్లో ఇండియను. 336వ అధికరణం రైల్వే, కస్టమ్సు, తంతి తపాలా కొలువులలో వారికి గల ప్రత్యేక వసతిని రెండేళ్ళకొకసారి తగ్గించుకుంటూ పదేళ్ళపాటు, అనగా 1960 వరకు సాగనిచ్చినది. చట్టానికి తండ్రి వరుస ఒక్కటే లెక్క. తెలుగువాడు ఇంటిపేరునూ గోత్రాన్నీ లెక్కపెట్టే దారి కూడా అదే గనుక, ఈ నిర్వచనం అతనికి వింతగా తోచదు.

కాగితాలు చిరుగుతాయి, చెదలు తింటాయి, అబద్ధమూ ఆడుతాయి. శరీరమే సాక్ష్యం చెప్పగలిగితే ఎంత బాగుండునని శాస్త్రజ్ఞులకు తోచుట సహజం. మొదట ముక్కును కొలిచినారు, తలను కొలిచినారు. ముక్కుకు ఎండ, తిండి, వయస్సు తగులుతాయి. ఇవేవీ సోకని సాక్షి ఒకటి 1901లో వియన్నా నగరంలో దొరికినది.

కార్ల్ లాండ్‌స్టైనర్ తన రక్తాన్నీ, ప్రయోగశాలలో తోడి పనివారి రక్తాన్నీ తీసి, ఒకరి రక్తరసిలో మరొకరి ఎర్రకణాలను కలిపి చూచినాడు. కొన్ని జతలలో కణాలు ముద్దకట్టినవి, కొన్నింటిలో కట్టలేదు. అందుమీద మనుష్యుల రక్తం కొన్ని వర్గాలుగా ఉన్నదని తేలినది. మరుసటి ఏడు నాలుగవది కూడా దొరికి, ఏ, బి, ఏబి, ఓ అనే విభాగం పూర్తి అయినది. పుట్టుకతో వచ్చిన వర్గం చచ్చేవరకు మారదు. తల్లిదండ్రులనుండి బిడ్డకు అది ఒక నియమం ప్రకారం సంక్రమిస్తుందని 1910లో ఎమిల్ ఫాన్ డుంగెర్న్, లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్ నిరూపించినారు. ఇంతకన్న నిలకడైన వంశచిహ్నం ఏముంటుంది?

ఈ హిర్ష్‌ఫెల్డే, వైద్యురాలైన తన భార్య హన్నాతో కూడి, మొదటి ప్రపంచయుద్ధపు చివరి రోజులలో గ్రీసు దేశపు సలోనికా రేవులో ఒక విచిత్రమైన పనికి పూనుకొన్నాడు. ఆ రేవులో మిత్రరాజ్యాల సేనలన్నీ విడిసి ఉన్నవి. ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు, సెర్బులు, సెనెగలు నల్లవారు, అన్నం దేశస్థులు, భారతీయ సిపాయిలు, అందరూ ఒక్కచోట! దంపతులు ఎనిమిదివేల మందికి పైగా రక్తం పరీక్షించినారు. ఇంగ్లీషువానికి ఇది శాస్త్రం కొరకు అంటే చాలిందట. ఆఫ్రికా సిపాయికి మాత్రం, సెలవు ఎవరికి రావాలో ఈ పరీక్ష తేలుస్తుందని చెప్పవలసి వచ్చిందట. శాస్త్రం ఎంత స్వచ్ఛమైనదైనా, చేయి చాచినవానికి చెప్పిన మాట అంత స్వచ్ఛంగా లేకపోవుట గమనింపదగినది.

1919లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వెలువడినవి. నూరుమంది ఇంగ్లీషువారిలో ఏ వర్గం 43.4, బి వర్గం 7.2. నూరుమంది భారతీయులలో ఏ 19, బి 41.2. ఇంత భేదం చూచి ఆశ్చర్యపడనివాడు ఎవ్వడు? దంపతులు ఏ, ఏబి వర్గాల మొత్తాన్ని బి, ఏబి వర్గాల మొత్తంతో భాగించి, దానిని జాతిసూచిక అన్నారు. ఇంగ్లీషువారికి అది సుమారు 4.5, భారతీయులకు సుమారు 0.5. ఏ జన్మస్థానం ఉత్తర యూరపు, బి జన్మస్థానం భారతదేశం, తక్కిన మానవులందరూ వీటి కలయిక అని ఊహించినారు. ఊహ అందమైనదే. కాని ఆ సూచికను లోకమంతటికీ పట్టించి చూడగా, ఒకరి ముఖం ఒకరెరుగని జనాలు పక్కపక్కన వచ్చి నిలిచినవి. ఒక్క అంకెలో జాతి ఇమడలేదు.

అయినప్పటికీ అటువంటి అంకె కావలసినవారికి కొరత లేకపోయినది. 1926లో జర్మనీలో రక్తవర్గ పరిశోధనకు ఒక సంఘమే ఏర్పడినది. జర్మనుల రక్తాన్ని ఇతరుల రక్తంనుండి వేరుచేసి చూపవలెనని దాని నాయకుల తపన. ఎంత వెదకినా ఏ యూదుని రక్తమూ తాను యూదుడనని చెప్పలేదు. చివరికి నాజీ ప్రభుత్వం కూడా మనుష్యుని యూదుడని తేల్చుటకు తాతల మతం వ్రాసిన కాగితాలనే ఆశ్రయించినది. యూదు వంశీయుడైన హిర్ష్‌ఫెల్డ్ వార్సా ఘెట్టోలో మ్రగ్గి, తప్పించుకొని బ్రతికినాడు. ఆయన ఏకైక కుమార్తె యుద్ధకాలంలోనే మరణించినది.

కలకత్తాలో ఈ చర్చ మరొక దారి పట్టినది. అది ఖరగ్‌పూర్ బంగళాలకు చాలా దగ్గరి దారి. ఇండియన్ మ్యూజియంలో నెల్సన్ అన్నండేల్ సేకరించి ఉంచిన కలకత్తా ఆంగ్లో ఇండియనుల శరీర కొలతలు భౌతికశాస్త్రోపాధ్యాయుడైన ప్రశాంతచంద్ర మహలనోబిస్ చేతికి వచ్చినవి. 1922లో ఆయన వెలువరించిన మొదటి గణాంక పరిశోధన వారినిగూర్చినదే. ఒక సముదాయానికీ మరొక సముదాయానికీ గల దూరాన్ని అనేక లక్షణాలను ఒక్కటిగా చేర్చి కొలిచే పద్ధతి ఆ ప్రశ్నలలోనుండి పుట్టి, 1936 నాటికి స్థిరరూపం దాల్చినది. ఆ పద్ధతిని పెంచి పెద్దచేసినవారిలో అగ్రగణ్యుడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావు. 1949లో మహలనోబిస్, డి.ఎన్. మజుందారులతో కలిసి ఐక్యపరగణాల జనుల కొలతలనూ, 1960లో మజుందారుతో కలిసి వంగదేశీయుల కొలతలనూ విశ్లేషించి ప్రకటించినాడు. ఈ పనిలోని వినయం గమనింపవలసినది. ఒక్క లక్షణం చాలదు, అనేకం కావలెను; ఒక్క మనిషి చాలడు, వేలమంది కావలెను; అప్పుడైనా తేలేది సముదాయాల నడుమ దూరమే, ఎదుట నిలిచిన మనిషి పుట్టుక కాదు.

ఎందుచేత కాదు? లెక్క వేసి చూడవచ్చును. మనిషికి తల్లిదండ్రులు ఇద్దరు, తాత అవ్వలు నలుగురు, ఆ పై తరంలో ఎనిమిదిమంది, ఆ పైన పదహారుమంది. ఖరగ్‌పూర్‌లో ఈనాడు పుట్టిన బిడ్డకు, మొదట రైలు దిగినవాడు ఇంచుమించు ఆ పదహారుగురి తరంవాడు. పది తరాలు వెనుకకు పోతే 1,024 స్థానాలు. (మేనరికాలు ఉన్నచోట ఒక్కరే రెండు స్థానాలలో కూర్చుంటారు. అత్తకొడుకును చేసుకొన్నదాని బిడ్డకు ఎనిమిదిమందికి బదులు ఆరుగురే.) ఏ, బి, ఓ వర్గాన్ని నిర్ణయించే జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, వెరసి రెండు. అనగా ఆ 1,024 స్థానాలలో కేవలం రెండు స్థానాలవారు మాత్రమే ఈ విషయంలో మాటాడుతున్నారు. ఎవరా ఇద్దరు అనేది రక్తం చెప్పదు. పైగా ఓ జన్యువు ఏ, బి జన్యువుల చాటున దాగి ఉంటుంది గనుక, బి వర్గంవానిలో బి రెండున్నవో, బి పక్కన ఓ ఉన్నదో మామూలు పరీక్షకు తెలియదు. ఇద్దరు సాక్షులలో ఒకరు తెర వెనుక కూడా ఉండవచ్చును.

రాజ్యాంగం చెప్పిన తండ్రి వరుసనే తీసుకొందాము. ఒకని తండ్రి తండ్రి తండ్రికి తండ్రి ఇంగ్లీషు డ్రైవరు అనుకొన్నచో చట్టప్రకారం వాడు ఆంగ్లో ఇండియను. వానికి తండ్రి వైపునుండి వచ్చిన ఒక్క రక్తవర్గ జన్యువు ఆ తరంలోని ఎనిమిదిమందిలో ఎవరిదైనా కావచ్చును. ఎనిమిదింట ఏడుసార్లు అది ఆ డ్రైవరుది కాదు. ఒకవేళ అతనిదే అయి, ఏ వర్గమే అయినా, ఏమి తెలిసినట్లు? సలోనికాలో నూరుమంది భారతీయ సిపాయిలలో 19 మందికి అదే వర్గమున్నది. 99 మంది భారతీయులూ ఒక్క ఇంగ్లీషువాడూ ఉన్న ఊరిలో ఏ వర్గంవారిని ఏరితే, వచ్చేవారు ఇంచుమించు 19 మంది భారతీయులు, సగం ఇంగ్లీషువాడు! అదే డ్రైవరుకు కూతురి వైపు పుట్టిన ఇనిమనుమడు ఉన్నాడనుకొనండి. రక్తం వానికీ అంతే పంచినది, చట్టం మాత్రం వానిని లెక్కలో చేర్చుకొనదు. ఇక అదే ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద నిలిచిన తెలుగువానినీ వంగీయునీ రక్తవర్గంచేత వేరుచేయ పూనుట వట్టి పని. రెండు దేశాలలోనూ ఓ, బి వర్గాలవారే ఎక్కువ, ఏ తక్కువ, ఏబి అన్నింటికన్న తక్కువ.

నిలకడైన సాక్షి అనుకొన్న రక్తవర్గానికి వ్యాధులు కూడా తగులుతాయని తరువాత తెలిసినది. మనిషి జీవితకాలంలో వర్గం మారదు. కాని తరతరాలమీద, ఏ వర్గంవారు ఎక్కువగా బ్రతికి పిల్లలను కంటారో ఆ వర్గం పెరుగుతుంది. ఓ వర్గంవారికి విషమ మలేరియానుండి కొంత రక్ష ఉన్నది. వారికే కలరా సోకితే తీవ్రత ఎక్కువ. గంగా సముద్రసంగమ భూములలో ఓ వర్గం తక్కువగా ఉండుటకు కలరాయే కారణం కావచ్చునని 1985లో బంగ్లాదేశ్ పరిశోధకులు సూచించినారు. ఈ సూచన నిజమైనచో, వంగదేశపు రక్తవర్గాల పట్టికలో ఒకడు జాతుల వలసలను చదువుకొంటూ ఉండగా, అక్కడ వ్రాసి ఉన్నది చెరువునీటి చరిత్ర అన్నమాట. 2012లో ఇంకొక సంగతి బయటపడినది. ఏ, బి భేదం మనుష్యులకు మాత్రమే కాదు, గిబ్బనులు మొదలైన వానరాలకు కూడా ఉన్నది, దాని మూలం కనీసం రెండుకోట్ల సంవత్సరాలనాటిది. బి జన్మస్థానం భారతదేశమన్న ఊహకు ఇంతకంటె జవాబు అక్కరలేదు.

మరి రక్తవర్గం చెప్పగలిగేది ఏమీ లేదా? ఉన్నది. అది కాదనుటలో గట్టి సాక్షి, ఔననుటలో బలహీనమైన సాక్షి. ఓ వర్గంవానికి ఏబి బిడ్డ పుట్టదు. తల్లి ఏ, బిడ్డ బి అయితే తండ్రిలో బి ఉండి తీరవలెను. చార్లీ చాప్లిన్ మీద వచ్చిన వ్యాజ్యంలో తల్లి ఏ, బిడ్డ బి, చాప్లిన్ ఓ. ముగ్గురు వైద్యులు ఆయన తండ్రి కాడని చెప్పినారు. 1945లో కాలిఫోర్నియా జ్యూరీ ఆ మాట వినక ఆయనే తండ్రి అన్నది. మన దేశంలో 1993లో, పశ్చిమ బెంగాల్‌నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో, బిడ్డ తనది కాదని రక్తవర్గ పరీక్ష కోరిన భర్త కోరికను సుప్రీంకోర్టు నిరాకరించినది. దాంపత్యంలో పుట్టిన బిడ్డకు చట్టం ఇచ్చిన రక్షణను అనుమానం కొద్దీ తొలగింపరాదనీ, రక్తమిమ్మని ఎవరినీ బలవంతపెట్టరాదనీ తీర్పు. ఈ రెండు తీర్పులను ఒక్కగాట కట్టరాదు. మొదటిది తెలిసిన సత్యాన్ని కాదన్నది. రెండవది, పసిబిడ్డకు కళంకం తెచ్చే వెదకులాటకు హద్దు గీచినది.

కాదనుటలో కూడా ఒక మినహాయింపు మన దేశంలోనే దొరికినది. 1952లో బొంబాయిలో వై.ఎం. భెండే, ఆయన సహచరులు కొందరి రక్తంలో ఏ, బి లేకపోవుటే కాక, ఓ వర్గంవారిలో సైతం ఉండే హెచ్ అనే మూలపదార్థం కూడా లేదని కనుగొన్నారు. బొంబాయి వర్గమని దానికి పేరు వచ్చినది. అటువంటివాడు పరీక్షకు ఓ వలె కనబడుతూనే, లోపల ఏ జన్యువునో బి జన్యువునో మోయవచ్చును, బిడ్డకు ఇవ్వవచ్చును. అరుదైన ఈ వర్గమే, చిత్రంగా, వంశాన్నిగూర్చి ఎక్కువ చెపుతున్నది. హిందూమహాసముద్రంలోని రీయూనియన్ అనే ఫ్రెంచి ద్వీపానికి 19వ శతాబ్దంలో దక్షిణభారతంనుండి ఒప్పందపు కూలీలు పోయినారు. వారి సంతతిలో ఈ లోపం ఉన్నవారి జన్యువును 1990 తరువాత పరిశీలించగా, భారతదేశంలోని బొంబాయి వర్గంవారిలో ఉన్న అక్షరదోషమే యథాతథంగా కనబడినది. అదే ద్వీపంలోని యూరోపియను సంతతివారిలో పైకి అటువంటి లోపమే ఉన్నా, లోపలి దోషం వేరు. ఒక పుస్తకానికి రెండు ప్రతులలో ఒకే అచ్చుతప్పు ఒకేచోట ఉంటే, రెండూ ఒక్క మాతృకనుండి వచ్చినవని పండితుడు గ్రహిస్తాడు గదా. రక్తవర్గమనే పైపేరుకు లేని సాక్ష్యబలం ఆ అచ్చుతప్పుకు ఉన్నది.

రక్తవర్గాలమీద ఆధారపడినవారే వాటి హద్దును కూడా కొలిచినారు. 1972లో రిచర్డ్ లెవొంటిన్ రక్తవర్గాలు మొదలైన 17 లక్షణాలను లోకంలోని జనసముదాయాలలో లెక్కకట్టి, మానవులలోని భేదంలో నూటికి 85 వంతులు ఏ ఒక్క సముదాయం లోపలనైనా దొరుకుతుందనీ, జాతులని పిలువబడేవాటి నడుమ ఉన్నది ఆరు వంతులకు కొంచెమే ఎక్కువ అనీ చూపినాడు. అయితే ఆ స్వల్పభేదమే లక్షలచోట్ల ఒకేసారి చదివితే చరిత్ర చెపుతుంది. ఈ పని హైదరాబాదులో జరిగినది. అక్కడి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికావారైన డేవిడ్ రైక్ ప్రభృతులతో కలిసి, 25 సముదాయాలకు చెందిన 132 మంది భారతీయుల డి.ఎన్.ఏ.లో అయిదులక్షలకు పైగా స్థానాలను పరిశీలించి 2009లో ప్రకటించినారు. వారు పరిశీలించిన మన సముదాయాలలో హెచ్చుభాగం రెండు పురాతన మూలాల కలయిక అని తేలినది. ఆ కలయిక సుమారు 4,200 మొదలు 1,900 ఏళ్ళ క్రిందటి వరకు విస్తారంగా సాగి, ఆ తరువాత కులాల కట్టుబాట్లతో సన్నగిల్లిందని 2013 నాటి మరొక పరిశోధన చెపుతున్నది. ఎవరి రక్తం ఎంత శుద్ధమన్న వాదానికి అక్కడ చోటు కనబడదు. పనికివచ్చే చోటు మాత్రం ఒకటున్నది. ఆంధ్రదేశపు వైశ్యులలో కొందరికి ఒక ఎంజైము లేనందున, శస్త్రచికిత్స వేళ ఇచ్చే ఒక మందు ప్రభావం చాలాసేపు వదలదు. సంగతి తెలిసిన మత్తువైద్యుడు ఆ మందు మానుకొంటాడు.

కలకత్తాలోని గణాంక సంస్థకు 1957లో వచ్చి చేరిన జె.బి.ఎస్. హాల్డేన్‌కు ఈ విషయాలన్నీ కరతలామలకాలు. ఆయన వద్ద పనిచేసిన ద్రోణంరాజు కృష్ణ, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రతీరపు మేనరికాలను పరిశీలించి 1963లో ప్రకటించినాడు. మరుసటి ఏడు హాల్డేన్ భువనేశ్వరంలో మరణించినప్పుడు, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు అప్పగించినారు. ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడైన ఆయన కడపటి మజిలీ తెలుగుదేశమైనది.

1960లో 336వ అధికరణపు గడువు తీరినది. అంతకు ముందే ఖరగ్‌పూర్ ఆంగ్లో ఇండియనులలో ఎందరో ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు తరలిపోయినారు. మిగిలినవారి పిల్లలు ఉద్యోగాలకు అందరితోబాటు పరీక్షలు వ్రాసినారు. తెలుగు పేటలలో మాత్రం పుట్టుపూర్వాల విచారణ పాత పద్ధతినే సాగుతూ వచ్చినది. పెళ్ళి మాటలు వచ్చినప్పుడు పెద్దలు ఇంటిపేరు అడుగుతారు, గోత్రం అడుగుతారు, ఆ పిదప శ్రీకాకుళం వైపు మీది ఏ ఊరు, అక్కడ ఇంకా ఎవరున్నారు అని అడుగుతారు. తాత పేరు, ఆయన తండ్రి పేరు, కొలువులో చేరిననాటి స్వగ్రామం, ఇవన్నీ పాత రైల్వే సర్వీసు పుస్తకంలో వ్రాసి ఉంటాయి.